వైర్‌లెస్ కీబోర్డులో వేలిముద్ర, నంబర్ ప్యాడ్: ముందు చూడాల్సింది కంప్యూటర్‌ను

నంబర్ ప్యాడ్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డులకు కొదవ లేదు. దానికి తోడు వేలు ఆనిస్తే కంప్యూటర్ లాక్ తెరుచుకోవాలని కూడా అనుకుంటే మాత్రం జాబితా వేళ్ల మీద లెక్కపెట్టేంతకు తగ్గిపోతుంది. తయారీదార్లకు ఆసక్తి లేక కాదు. కీబోర్డు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతిలోనే చిక్కు ఉంది.

కీబోర్డులు, మౌసులు పాటించే ప్రమాణాన్ని హెచ్‌ఐడీ అంటారు. ఏ కీ నొక్కారు, ఏ కీ వదిలారు అన్న కబురు మోయడానికి పుట్టిన ప్రమాణం అది. వేలిముద్ర కబురు ఆ దారిన వెళ్లదు. అందుకే వేలిముద్ర కీబోర్డు అంటే ఒకే డబ్బాలో ఇమిడిన రెండు పరికరాలు. ఒకటి మామూలు కీబోర్డు, ఏ కంప్యూటర్‌కు తగిలించినా పనిచేస్తుంది. రెండోది వేలిముద్ర సెన్సర్. దానికి వేరే దారి, వేరే డ్రైవర్ (పరికరాన్ని సిస్టమ్‌కు పరిచయం చేసే సాఫ్ట్‌వేర్), ఆపరేటింగ్ సిస్టమ్ ఒప్పుదల కావాలి. కొన్నాక వచ్చే ఫిర్యాదుల్లో తరచూ వినబడేది ఒకటే మాట: టైపింగ్ బాగానే అవుతోంది, వేలిముద్ర మాత్రం కనబడటం లేదు. మొదటి పరికరం పనిచేసింది కదా అని రెండోదీ పనిచేస్తుందనుకోవడం వల్ల వచ్చేదే ఇది.

కాబట్టి ఎంపిక కీబోర్డు దగ్గర మొదలుపెడితే లాభం లేదు. బల్ల మీద ఉన్న కంప్యూటర్ ఏది, అందులో ఏ చిప్ ఉంది, ఏ సిస్టమ్ నడుస్తోంది అన్న దగ్గర మొదలుపెట్టాలి.

మ్యాక్ అయితే

ఇక్కడ ఎంపికంటూ పెద్దగా లేదు, అది ఒక రకంగా సుఖమే. యాపిల్ మ్యాజిక్ కీబోర్డులో టచ్ ఐడీ (యాపిల్ వేలిముద్ర సెన్సర్ పేరు), నంబర్ ప్యాడ్ రెండూ ఉన్న మోడల్ ఉంది. టచ్ ఐడీ కీబోర్డులు 2021లో ఎం1 ఐమ్యాక్‌తో కలిపి వచ్చాయి, అదే ఏడాది ఆగస్టు నుంచి విడిగానూ అమ్ముతున్నారు. 2024 అక్టోబరులో ఛార్జింగ్ పోర్టు లైట్నింగ్ నుంచి యూఎస్‌బీ-సీకి మారింది. పాత స్టాకు కొనేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి, లాక్ తీసే పద్ధతి మాత్రం రెండింట్లోనూ ఒకటే.

షరతు మాత్రం గట్టిది. టచ్ ఐడీ పనిచేయాలంటే ఆ మ్యాక్‌లో యాపిల్ సొంత చిప్, అంటే ఎం1 గానీ ఆ తర్వాతిది గానీ, ఉండి తీరాలి. ఇంటెల్ మ్యాక్‌కు తగిలిస్తే కీలన్నీ పనిచేస్తాయి, సెన్సర్ పనిచేయదు. విండోస్‌కు, ఐప్యాడ్‌కు కలిపినా అంతే. ‘అబౌట్ దిస్ మ్యాక్’ తెరిస్తే ‘చిప్’కు బదులు ‘ప్రాసెసర్’ అని ఉండి, అక్కడ ఇంటెల్ పేరు కనబడితే ఈ కీబోర్డు మీద అదనపు సొమ్ము పెట్టడం దండగ. టచ్ ఐడీ లేని నంబర్ ప్యాడ్ మోడల్ చాలు.

ఈ షరతు వెనకున్న సంగతి తెలిస్తే మిగతా చిక్కులు కూడా వాటంతటవే అర్థమవుతాయి. ఈ కీబోర్డు వేలిముద్రను తనలో దాచుకోదు, పోల్చదు, ఔనో కాదో చెప్పదు. వేలును చూసి, ఆ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేని సంకేతంగా మార్చి) మ్యాక్ చిప్‌లో రహస్యాలు దాచే భాగమైన సెక్యూర్ ఎన్‌క్లేవ్‌కు పంపడం వరకే దాని పని. ముద్రల నమూనాలు, తీర్పు అన్నీ మ్యాక్ దగ్గరే ఉంటాయి. అందుకే ల్యాప్‌టాప్‌లోని సెన్సర్ మీద నమోదు చేసిన వేలు బయటి కీబోర్డు మీద కూడా చెల్లుతుంది, రెండోసారి నమోదు చేయనక్కర్లేదు.

ఆ ఎన్‌క్రిప్టెడ్ బంధం ఏర్పడటానికి కీబోర్డును కేబుల్‌తో మ్యాక్‌కు తగిలించి ఒకసారి జత చేయాలి. వేలిముద్ర నమోదుకు వెళ్తే మ్యాక్ పవర్ బటన్‌ను రెండుసార్లు నొక్కమని అడగవచ్చు. ఎవరో దూరం నుంచి తమ కీబోర్డును అంటగట్టకుండా, మనిషి ఆ మ్యాక్ ఎదుటే ఉన్నాడని తేల్చుకోవడానికి పెట్టిన మెట్టు అది. ల్యాప్‌టాప్ మూత మూసి బయటి తెరతో వాడేవాళ్లు ఇక్కడ ఆగిపోతుంటారు, ఎందుకంటే ఆ పవర్ బటన్ మూత కింద ఉంటుంది. తొలిసారి అమరిక మూత తెరిచే చేసుకుంటే పోతుంది. ఒక కీబోర్డు ఒక సమయంలో ఒక్క మ్యాక్‌తోనే ఇలా జత కడుతుంది. ఒక మ్యాక్ మాత్రం అయిదు కీబోర్డుల వరకు గుర్తుంచుకుంటుంది. అంటే ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టుకుని ల్యాప్‌టాప్‌ను మోసుకు తిరగడం హాయిగా సాగుతుంది. ఒకే కీబోర్డును రెండు మ్యాక్‌ల మధ్య తిప్పడం సాగదు, మారిన ప్రతిసారీ మళ్లీ జత చేయాల్సిందే.

వేళ్ల లెక్క కూడా చూసుకోవాలి. ఒక యూజర్‌కు మూడు ముద్రలు, మొత్తం మ్యాక్‌కు అయిదు. నలుగురు వాడే కంప్యూటర్ అయితే తలా ఒక వేలితో సరిపెట్టుకోవాలి. ఇంకో మాట, పాస్‌వర్డ్ పూర్తిగా మరిచిపోవడానికి వీల్లేదు. రీస్టార్ట్ చేసినప్పుడు, 48 గంటలపాటు లాక్ తీయనప్పుడు, వరుసగా అయిదుసార్లు వేలు సరిపోలనప్పుడు మ్యాక్ పాస్‌వర్డే అడుగుతుంది. రోజూ రాత్రి కంప్యూటర్ ఆఫ్ చేసే అలవాటున్నవాళ్లకు పొద్దున తొలి లాగిన్‌కు వేలిముద్ర అక్కరకు రాదు. స్లీప్‌లో ఉంచేవాళ్లకే దాని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది.

విండోస్ అయితే

అసలు తలనొప్పి ఇక్కడే. విండోస్‌లో వేలిముద్రతో లాక్ తీసేది విండోస్ హలో. 2015లో విండోస్ 10తో వచ్చింది. సెన్సర్లు దీనికి ఎక్కువగా యూఎస్‌బీ దారినే పరిచయమవుతాయి. బ్లూటూత్ మీద కీబోర్డు కబురు పంపడానికి దారి సిద్ధంగా ఉంది, వేలిముద్రకు అలాంటి అందరూ ఒప్పుకున్న దారి లేదు. ప్రతి తయారీదారూ తన దారి తానే వేసుకోవాలి. అందుకే మార్కెట్లో కనబడే వేలిముద్ర కీబోర్డుల్లో చాలావరకు వైరుతో పనిచేసేవే. వైర్‌లెస్ అని రాసున్న వాటిలోనూ కొన్ని, కేబుల్ తగిలించి ఉన్నంతసేపే వేలిని గుర్తుపడతాయి. డబ్బా మీద ‘వైర్‌లెస్’ అని ఒకచోట, ‘వేలిముద్ర’ అని మరోచోట రాసి ఉంటే చాలదు. వైర్‌లెస్‌గా ఉన్నప్పుడు వేలిముద్ర పనిచేస్తుందని ఒకే వాక్యంలో రాసి ఉండాలి. అలా రాయలేదంటే పనిచేయదనే అనుకుని ముందుకు పోవడం మంచిది.

మైక్రోసాఫ్ట్ 2017లో తెచ్చిన మోడర్న్ కీబోర్డ్ విత్ ఫింగర్‌ప్రింట్ ఐడీలో ఈ మూడు కోరికలూ తీరాయి. బ్లూటూత్, నంబర్ ప్యాడ్, కుడి ఆల్ట్‌కూ కంట్రోల్‌కూ మధ్య మామూలు కీలా ఒదిగిపోయిన సెన్సర్. అయితే దాన్ని కూడా తొలిసారి కేబుల్‌తోనే జత చేయాలి. తర్వాత దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బ్యాటరీ వయసు లెక్కలోకి తీసుకోవాలి, అది ఊడదీసి మార్చుకునేది కాదు.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ఉచ్చు గురించి చెప్పుకోవాలి. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలు ఉండవు. అలాంటి కేబుల్ తగిలిస్తే కీబోర్డు ఛార్జ్ అవుతుంది, బ్లూటూత్ మీద టైపింగ్ కూడా అవుతుంది, సెన్సర్ మాత్రం కంప్యూటర్‌కు కనబడదు. డబ్బాలో వచ్చిన కేబుల్‌నే వాడితే ఈ అనుమానం ఉండదు.

సెన్సర్ అసలు కనబడుతోందా లేదా అన్నది డివైస్ మేనేజర్‌లో తేలిపోతుంది. అందులో ‘బయోమెట్రిక్ డివైసెస్’ అన్న వర్గం, దాని కింద సెన్సర్ పేరు ఉండాలి. వర్గమే లేకపోతే డ్రైవర్ ఎక్కలేదు, లేదా కేబుల్ దగ్గరో, డాంగిల్ (వైర్‌లెస్ కీబోర్డు కబురు అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) దగ్గరో తేడా ఉంది. సెన్సర్ పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే డ్రైవర్ తేడా. పేరు శుభ్రంగా ఉండి కూడా సెట్టింగ్స్, అకౌంట్స్, సైన్-ఇన్ ఆప్షన్స్‌లో వేలిముద్ర దగ్గర అందుబాటులో లేదని చూపిస్తుంటే కారణం వేరే చోట వెతకాలి. ముందుగా పిన్ పెట్టారా చూడండి, పిన్ లేకుండా విండోస్ వేలిముద్రను నమోదు చేసుకోదు. ఉద్యోగ సంస్థ ఇచ్చిన కంప్యూటరైతే అక్కడి విధానం బయోమెట్రిక్‌ను ఆపేసి ఉండవచ్చు. ఆ తాళం మన చేతిలో ఉండదు.

మూడో కారణం కొత్త కంప్యూటర్లలో ఎక్కువ. విండోస్ 11లో ఎన్‌హాన్స్‌డ్ సైన్-ఇన్ సెక్యూరిటీ, పొట్టిగా ఈఎస్‌ఎస్, అనే రక్షణ ఉంది. అది అమలులో ఉంటే బయట తగిలించిన మామూలు వేలిముద్ర సెన్సర్లను, కెమెరాలను విండోస్ నమ్మదు. కోపైలట్ ప్లస్ అని పేరు పెట్టి అమ్మే కొత్త విండోస్ కంప్యూటర్లలో ఇది ముందే ఆన్ చేసి వస్తుంది. సైన్-ఇన్ ఆప్షన్స్‌లో అడిషనల్ సెట్టింగ్స్ కింద ‘సైన్ ఇన్ విత్ యాన్ ఎక్స్‌టర్నల్ కెమెరా ఆర్ ఫింగర్‌ప్రింట్ రీడర్’ అన్న మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే బయటి సెన్సర్‌కు అనుమతి దొరుకుతుంది, బదులుగా ఈఎస్‌ఎస్ రక్షణ ఆగిపోతుంది. కీబోర్డు ఈఎస్‌ఎస్‌కు సరిపోతుందని స్పష్టంగా రాసి ఉంటే తప్ప కొత్త ల్యాప్‌టాప్‌కు వేలిముద్ర కీబోర్డు కొనడమంటే ఈ బేరానికి ఒప్పుకోవడమే. లోపల మంచి సెన్సర్ ఉన్న ల్యాప్‌టాప్‌ను ఎప్పుడూ తెరిచే వాడేవాళ్లకు ఇది లాభసాటి బేరం కాదు. మూత మూసి బయటి తెరతో వాడేవాళ్లు ఆలోచించవచ్చు.

నిజానికి విండోస్ వాడే చాలామందికి మెరుగైన దారి, ఒకే కీబోర్డులో అన్నీ వెతకడం మానేయడమే. నంబర్ ప్యాడ్ ఉన్న మంచి వైర్‌లెస్ కీబోర్డు ఒకటి, విండోస్ హలోకు పనికొచ్చే చిన్న యూఎస్‌బీ వేలిముద్ర రీడర్ ఒకటి విడిగా కొంటే సరి. కెన్సింగ్టన్ వెరిమార్క్ లాంటివి ఈ కోవలోవే. డెస్క్‌టాప్ అయితే రీడర్‌ను పొడవాటి కేబుల్‌తో కీబోర్డు పక్కకు తెచ్చుకోవచ్చు. రీడర్ కంప్యూటర్‌కు నేరుగా తగిలి ఉంటుంది కాబట్టి బ్యాటరీ, నిద్ర, జత తెగడం లాంటి గొడవలు ఉండవు. కీబోర్డు పాడైతే కీబోర్డే మారుస్తాం, సెన్సర్ ఉండిపోతుంది. చూడటానికి ఒక తీగ ఎక్కువ, అంతే. ఈఎస్‌ఎస్ షరతు మాత్రం రీడర్‌కూ వర్తిస్తుంది.

ఒక నకిలీ సంగతి కూడా గమనించాలి. వేలు గుర్తుపట్టాక లోపల దాచుకున్న పాస్‌వర్డ్‌ను తానే టైప్ చేసి పంపే పరికరాలు ఉన్నాయి. చూడటానికి రెండూ ఒకటే, వేలు పెడితే లాక్ తెరుచుకుంటుంది. కానీ విండోస్ దృష్టిలో అక్కడ వేలిముద్రంటూ ఏమీ లేదు, ఎవరో పాస్‌వర్డ్ కొట్టారు, అంతే. కర్సర్ వేరే చోట ఉంటే ఆ పాస్‌వర్డ్ చాటింగ్ పెట్టెలోనో, బ్రౌజర్ అడ్రసు గడిలోనో పడుతుంది. డివైస్ మేనేజర్‌లో బయోమెట్రిక్ వర్గం లేకుండానే ‘పనిచేస్తున్న’ కీబోర్డు దొరికితే అనుమానించాల్సింది దీన్నే.

లినక్స్‌లో పరిస్థితి క్లుప్తంగా చెప్పేయవచ్చు. వేలిముద్ర పని చూసేవి ఎఫ్‌ప్రింట్‌డీ, లిబ్‌ఎఫ్‌ప్రింట్. లిబ్‌ఎఫ్‌ప్రింట్ జాబితాలో ఉన్న సెన్సర్‌కే మోక్షం. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశంతో వచ్చే ఐడీని ఆ జాబితాతో సరిచూసుకోవాలి. పనిచేసినా గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో ఒక చికాకు మిగులుతుంది: వేలితో లాగిన్ అయ్యాక, దాచిన పాస్‌వర్డుల కీరింగ్ తెరవడానికి పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. ఆ కీరింగ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసింది లాగిన్ పాస్‌వర్డుతో, వేలిముద్ర నుంచి ఆ పాస్‌వర్డ్ పుట్టదు.

ముద్రను పోల్చేది ఎవరు

సెన్సర్ పక్కనున్న చిప్‌లోనే ముద్రను పోల్చి తీర్పు మాత్రం కంప్యూటర్‌కు చెప్పే పద్ధతి ఒకటి, కంప్యూటర్‌లో పోల్చే పద్ధతి ఇంకొకటి. ప్రకటనలు మొదటిదాన్ని గొప్పగా చెబుతాయి, ముద్ర కీబోర్డు దాటి బయటకు రాదు కాబట్టి. అది నిజమే. కానీ ‘వేలు సరిపోయింది’ అన్న కబురు నిజంగా ఆ సెన్సర్ నుంచే వచ్చిందని కంప్యూటర్‌కు ఎలా తెలియాలి? ఈ ఖాళీని పూడ్చడానికి మైక్రోసాఫ్ట్ ఎస్‌డీసీపీ అనే ప్రోటోకాల్‌ను రూపొందించింది. 2023లో బ్లాక్‌వింగ్ ఇంటెలిజెన్స్ పరిశోధకులు, మైక్రోసాఫ్ట్ భద్రతా బృందం కోరిక మీద, మూడు కంప్యూటర్ల వేలిముద్ర సెన్సర్లను పరీక్షించి మూడింటినీ దాటగలిగారు. వాటిలో రెండింట్లో ఎస్‌డీసీపీ అసలు అమలులోనే లేదు. మూడింట్లో ఒకటి సర్ఫేస్ ప్రో కీబోర్డు కవర్‌లోని సెన్సర్. అక్కడ సెన్సర్ మాట ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్లేది, దాంతో ఆ సెన్సర్‌నని చెప్పుకున్న మరో యూఎస్‌బీ పరికరం మాటనూ కంప్యూటర్ నమ్మేసింది.

ఇలాంటి దాడికి కంప్యూటర్ చేతికి చిక్కాలి. ఇంట్లో బల్ల మీదుండే డెస్క్‌టాప్‌కు దీన్ని పెద్ద భయంగా చూడనక్కర్లేదు. పోయే ప్రమాదం ఉన్న ల్యాప్‌టాప్‌లో ముఖ్యమైన ఫైళ్లు ఉంటే మాత్రం ఎస్‌డీసీపీ ఊసే ఎత్తని చవక కీబోర్డు తగదు.

పొరపాటున పరాయి వేలు సరిపోయే అవకాశం ఎంత? టచ్ ఐడీకి నమోదైన ఒక్క వేలికి 50,000లో 1 అని యాపిల్ లెక్క, అయిదు వేళ్లు నమోదు చేస్తే అది 10,000లో 1కి చేరుతుంది. విండోస్ హలో సెన్సర్లకు మైక్రోసాఫ్ట్ పెట్టిన హద్దు 0.002 శాతం, ఇది కూడా 50,000లో 1 కిందకే వస్తుంది. ఉత్తుత్తిగా పది వేళ్లూ నమోదు చేయడం వల్ల సౌకర్యం పెరగదు, ఈ లెక్క మాత్రం పలచబడుతుంది.

గాలిలో వెళ్లే కీలు

వేలిముద్ర మీద ఇంత శ్రద్ధ పెట్టి, కీలు గాలిలో ఎలా వెళ్తున్నాయో చూడకపోతే తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచిపెట్టినట్టే. 2016లో బాస్టిల్ సంస్థ బయటపెట్టిన మౌస్‌జాక్, కీస్నిఫర్ లోపాల్లో డాంగిల్‌తో పనిచేసే మౌసులు, కీబోర్డులే దొరికిపోయాయి. కీస్నిఫర్‌లో అయితే కొన్ని చవక కీబోర్డులు ఎన్‌క్రిప్షన్ లేకుండానే కీలను పంపుతున్నాయని తేలింది. డాంగిల్ కీబోర్డు కొంటే ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్ ఉందని రాసి ఉండాలి. బ్లూటూత్ కీబోర్డైతే జత చేసేటప్పుడు తెర మీద వచ్చిన అంకెలను కీబోర్డు మీద కొట్టమని అడిగే రకం మేలు. 2023 డిసెంబరులో బ్లూటూత్ కీబోర్డుల జత ప్రక్రియలోనూ లోపం బయటపడింది. సిస్టమ్ అప్‌డేట్లు దాన్ని పూడ్చాయి, మ్యాజిక్ కీబోర్డులకు 2024 జనవరిలో 2.0.6 ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) వచ్చింది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇవ్వగలిగే సంస్థ కీబోర్డే కొనాలనడానికి ఇది చాలు.

డాంగిల్‌కు ఇంకో శత్రువు ఉంది. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయని ఇంటెల్ 2012లోనే చూపింది. డాంగిల్ పక్కనే అలాంటి డిస్క్ ఉంటే అక్షరాలు ఎగిరిపోతాయి, లేదా ఒకే అక్షరం బారులు తీరుతుంది. అరమీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను పక్కకు లాగితే చాలావరకు తగ్గిపోతుంది.

బ్లూటూత్ కీబోర్డు ఒక్కదానితోనే గడిపేయాలనుకునే డెస్క్‌టాప్ వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చాలా పీసీల్లో విండోస్ మొదలవకముందు వచ్చే బయోస్ తెరకు, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగే తెరకు బ్లూటూత్ ఇంకా లేచి ఉండదు. ఆ 48 అంకెలు కొట్టడానికి కేబుల్‌తోనో డాంగిల్‌తోనో పనిచేసే కీబోర్డు ఒకటి అందుబాటులో ఉండాలి. కీబోర్డు తన కేబుల్ ద్వారా కూడా కీలు పంపగలదా అని అడిగి తెలుసుకోండి. కొన్నిట్లో కేబుల్ ఉత్త ఛార్జింగ్‌కే.

రెండు కంప్యూటర్లకు ఒకే కీబోర్డు వాడేవాళ్లకు ఒక నిరాశ తప్పదు. మూడు పరికరాల మధ్య మారే మీటలున్న కీబోర్డుల్లోనూ వేలిముద్ర సాధారణంగా ఒక్క కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది. ఒకే కీబోర్డు, మౌస్, తెరను రెండు కంప్యూటర్ల మధ్య మార్చే కేవీఎం స్విచ్‌లో కీబోర్డు బొమ్మ ఉన్న పోర్టుకు తగిలిస్తే కీలే వెళ్తాయి, సెన్సర్ ఆగిపోతుంది. సెన్సర్‌ను అదే స్విచ్‌లోని మామూలు యూఎస్‌బీ పోర్టుకు తగిలించాలి.

నంబర్ ప్యాడ్

పూర్తి సైజు కీబోర్డు అడ్డంగా 42 నుంచి 45 సెంటీమీటర్లు ఉంటుంది. నంబర్ ప్యాడ్ తీసేస్తే సుమారు 36. ఆ తేడా అంతా మౌస్ జరిగే దూరమే. రోజంతా మౌస్ పట్టుకునేవాళ్లకు భుజం నొప్పి ఇక్కడి నుంచి రావచ్చు. బల్ల ఇరుకైతే 96 శాతం లేఅవుట్ అనే రకం చూడవచ్చు. అందులో నంబర్ ప్యాడ్ ఉంటుంది, కీల గుంపుల మధ్య ఖాళీలు ఉండవు. అయితే వీటిలో చాలావరకు సున్నా కీ రెండు గళ్ల వెడల్పు లేకుండా ఒక గడికే కుదించి ఉంటుంది. బొటనవేలితో సున్నా కొట్టే అలవాటున్న లెక్కల మనిషికి ఆ ఒక్క మార్పు చాలు, రోజంతా సున్నా బదులు కుడి బాణం నొక్కుతూ ఉండటానికి. అంకెలు రోజుకు పదో ఇరవయ్యో కొట్టేవారికి ఇది లెక్కలోకి రాదు. పద్దులు ఎక్కించేవారికి రెండు గళ్ల సున్నా, నిలువు ఎంటర్, 5 మీద వేలికి తగిలే గుర్తు ఈ మూడూ ఉండాల్సిందే.

వేలిముద్ర కీబోర్డుల్లో నంబర్ ప్యాడ్‌కూ లాక్‌కూ ముడిపడిన ఒక తమాషా చిక్కు ఉంది. బ్యాటరీ ఆదా కోసం చాలా వైర్‌లెస్ కీబోర్డుల్లో నమ్ లాక్ దీపం పెట్టరు. వేలు తడిగా ఉండి సరిపోలలేదు, విండోస్ పిన్ అడిగింది, నంబర్ ప్యాడ్ మీద పిన్ కొట్టారు, గడిలో ఒక్క చుక్క పడలేదు. వేలిముద్ర పోయింది, ఇప్పుడు కీబోర్డూ పోయిందనుకుంటారు. ఏదీ పోలేదు, నమ్ లాక్ ఆఫ్‌లో ఉంది, అంకెల కీలు బాణాల్లా పనిచేస్తున్నాయి. లాగిన్ తెర దగ్గరే నమ్ లాక్ ఆన్‌లో ఉండాలంటే రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు దాచుకునే చోటు) హెచ్‌కీ యూజర్స్ కింద, ‘.డీఫాల్ట్’లో కంట్రోల్ ప్యానెల్, కీబోర్డ్ తెరిచి ‘ఇనిషియల్‌కీబోర్డ్‌ఇండికేటర్స్’ విలువను 2 చేయాలి, దానికి లొంగకపోతే 2147483650. మ్యాక్‌లో ఈ గొడవే లేదు. అక్కడ నమ్ లాక్ స్థానంలో క్లియర్ కీ ఉంటుంది, నంబర్ ప్యాడ్ ఎప్పుడూ అంకెలే కొడుతుంది. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని 0176 కొడితే డిగ్రీ గుర్తు రావడం లాంటివి కూడా నమ్ లాక్ ఆన్‌లో ఉన్న నంబర్ ప్యాడ్‌తోనే కుదురుతాయి.

వేలు, సెన్సర్

కీబోర్డు సెన్సర్లు చిన్నవి, వేలి కొనలో కొంత భాగమే వాటికి ఆనుతుంది. నమోదు చేసేటప్పుడు వేలిని నిటారుగా, మధ్యలోనే పదేపదే ఆనిస్తే తర్వాత పక్కకు ఒరిగిన వేలును అది గుర్తించదు. మామూలుగా కూర్చునే భంగిమలో కూర్చుని, సెన్సర్ ఉన్న చోటికి చెయ్యి ఎలా వెళ్తుందో అలాగే పోనిచ్చి నమోదు చేయాలి. మ్యాజిక్ కీబోర్డులో సెన్సర్ నంబర్ ప్యాడ్ పైన కుడి మూలన ఉంటుంది, అక్కడికి కుడి చూపుడువేలు ఏటవాలుగా చేరుతుంది. ఆ ఏటవాలు ముద్రే దానికి నేర్పాలి. సిస్టమ్ ఒప్పుకుంటే తరచూ వాడే వేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు ముద్రలుగా నమోదు చేసి చూడవచ్చు, తప్పులు తగ్గవచ్చు.

ఇవి చర్మపు గట్లకూ పల్లాలకూ మధ్య విద్యుత్ తేడాను కొలిచే సెన్సర్లు. నీరు పల్లాలను నింపేస్తే తేడా చెరిగిపోతుంది, బాగా ఎండిన చర్మమైతే గట్లు సరిగా ఆనవు. గిన్నెలు కడిగిన వెంటనే, క్రీము రాసుకున్న వెంటనే పనిచేయకపోవడం సెన్సర్ లోపం కాదు. సిమెంటు, సున్నం, డిటర్జెంటు పనుల్లో ఉన్నవారికి, వయసు మళ్లినవారికి గట్లు అరిగి ఉంటాయి. అలాంటివారి కోసం కొంటుంటే తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనాలి. సెన్సర్‌ను పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు, దాని మీద ద్రవం చల్లకూడదు.

తిరిగి ఇచ్చే గడువు దాటకముందే

మొదటి రోజు కేబుల్‌తో అంతా బాగుందని సంబరపడితే అసలు పరీక్ష జరగనట్టే. కేబుల్ తీసేసి, విండోస్ కీతో ఎల్ నొక్కి లాక్ చేసి వేలు పెట్టండి. తర్వాత కీబోర్డును అరగంట ముట్టుకోకుండా వదిలి మళ్లీ పెట్టండి. బ్యాటరీ కోసం కీబోర్డు నిద్రపోయి ఉంటుంది, కొన్నిట్లో సెన్సర్ ఒక్కటే ముట్టుకుంటే లేవదు, ముందు ఏదో ఒక కీ నొక్కి ఒక క్షణం ఆగాలి. ఆ ఆలస్యం ఓపికకు లోబడి ఉందో లేదో తేల్చుకోవాల్సింది ఇప్పుడే. కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి కీబోర్డుతో లేపి చూడండి. లేవకపోతే డివైస్ మేనేజర్‌లో కీబోర్డు పవర్ మేనేజ్‌మెంట్ దగ్గర కంప్యూటర్‌ను లేపే అనుమతి ఇవ్వాలి. రీస్టార్ట్ చేసి తొలి లాగిన్ ప్రయత్నించండి, విండోస్‌లో అక్కడ కూడా వేలిముద్ర చెల్లాలి. బ్యాటరీ పది శాతం దగ్గరకు వచ్చినప్పుడు మరోసారి చూడండి. కీ లైట్లు ఉన్న మోడలైతే ఆ పది శాతం అనుకున్నదానికన్నా చాలా ముందే వస్తుంది.

తిరిగి పంపేటప్పుడు, లేదా పాత కీబోర్డును ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముద్రలు ఎక్కడున్నాయో మళ్లీ ఆలోచించాలి. మ్యాక్‌లో అవి కీబోర్డులో లేవు కాబట్టి బ్లూటూత్ జాబితాలో జత తీసేస్తే చాలు. విండోస్‌లో చిప్‌లోనే పోల్చే కీబోర్డైతే నమూనాలు అందులోనే ఉంటాయి. కీబోర్డు ఇంకా తగిలి ఉండగానే సైన్-ఇన్ ఆప్షన్స్‌లో వేలిముద్ర దగ్గర ‘రిమూవ్’ నొక్కాలి. ఆ తర్వాతే కేబుల్ తీయాలి, డాంగిల్‌ను డబ్బాలో పెట్టాలి.